మా అమ్మ వేసిన వేలిముద్ర

పదిహేనో ఏట నేను నాలుగు నెలలు మంచం దిగలేదు సహోదరులారా. మాది గరిడేపల్లి, మా వాడవాళ్ళమంతా దిగుడుబావిలోకి దిగి నీళ్ళు ముంచుకుని తాగేవాళ్ళం, ఆ నీళ్ళవల్ల వచ్చే నారికురుపు ఆ రోజుల్లో ఇంటికొకరికి ఉండేది. కాలి మీద బొబ్బ లేచి పగిలి, లోపలి నుంచి తెల్లని దారంలాంటి పురుగు తల బయటపెడితే, దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. నాకు ఎడమ పిక్కలో వచ్చింది. ఓపిక పట్టలేక నేనే గట్టిగా లాగాను, పురుగు లోపలే తెగిపోయింది, కాలు వాచి చీము పట్టి, జ్వరంతో నాకు ఒళ్ళు తెలియకుండా పోయింది. అమ్మ బండి కట్టించుకుని మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయింది, అక్కడ కోసి చీము తీశారు, ప్రాణం దక్కింది గాని నరాలు బిగుసుకుపోయి మడమ నేలకు ఆనడం మానేసింది. ఊళ్ళ మీద తుపాకుల గొడవలు నడుస్తూ, ఖాకీ బట్టలవాళ్ళు ఇళ్ళ మీద పడుతున్న కాలం అది, బయటికి పోవాలంటే భయం, లోపల ఉంటే నా కాలే నాకు కనబడేది. గోడవైపు తిరిగి పడుకుని, “దేవా, నన్ను తీసుకుపో” అని ప్రార్థించిన రోజులున్నాయి.

నాన్న నా పసితనంలోనే పోయాడు. అమ్మ పేరు మార్తమ్మ, కూలి పనికి పోయేది. పొద్దున్నే పనికి పోయేముందు ఆముదం వెచ్చచేసి నా పిక్క రుద్దేది, రుద్దినంతసేపూ ప్రార్థించేది. “అయ్యా యేసయ్యా, నాకు సదువు రాదు, నీకెట్ల సెప్పుకోవాల్నో తెల్వదు. ఈ కాలు నువ్వు సేసిందే, ఎట్ల సేసినవో నీకే ఎరుక. జర సూడయ్యా.” ప్రతిరోజూ ఇవే మాటలు, ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. నెలల తరబడి రుద్దగా రుద్దగా కాలు కొద్దికొద్దిగా సాగింది, ఊతకర్రతో లేచి నడిచాను, కొన్నాళ్ళకు ఆ కర్రా పారేశాను, సూర్యాపేటలో ఆగిపోయిన చదువు మళ్ళీ పట్టుకుని మెట్రిక్ పాసయ్యాను, గొడవలు సద్దుమణిగాక మా సంఘకాపరి అయ్యగారి సహాయంతో హైదరాబాదులో యూనివర్సిటీ చదువుకు చేరాను. దేవునికే మహిమ.

అయితే సహోదరులారా, కాలు మంచం దిగింది గాని నా మనసు ఇంకా దిగలేదు. ఆ ఏడు యూనివర్సిటీలో కొత్తగా కాడెట్ దళం పెట్టారు, చేరిన విద్యార్థులకు ఖాకీ బట్టలిచ్చి, కవాతు, తుపాకి పట్టడం నేర్పిస్తారు. నాకు ఎంత ఆశగా ఉండేదంటే, దరఖాస్తు కాగితం తెచ్చుకున్నాను. కాని అడుగు వేస్తే ఎడమ మడమ ఇంకా గాలిలోనే తేలుతుంటే కవాతు ఏం చేస్తాననుకుని, దాన్ని మడిచి బైబిల్లో పెట్టేసి, దసరా సెలవులకు ఇంటికి వచ్చాను.

అమ్మ ఆ బైబిలు దుమ్ము దులుపుతూ కాగితం చూసింది. ఎవరో రాసిన ఉత్తరమనుకుని అయ్యగారి దగ్గరికి తీసుకుపోయి చదివించుకుంది. తిరిగొచ్చేసరికి ఆమె బొటనవేలికి సిరా ఉంది.

“తల్లన్నా తండ్రన్నా ఒప్పుకోవాల్నని దీంట్ల రాసున్నదంట,” అంది. “ఒప్పుకున్న. వేలిముద్ర ఏసిన.”

“అమ్మా, నేను గా కాగితం ఇయ్యను. నా నడక సూసి నవ్వుతరు.”

“ఎవలు నవ్విండ్రు?”

“ఇంకా ఎవ్వలు నవ్వలే. నేను పోలేదు గదా.”

“వద్దంటే వాళ్ళననియ్యి బిడ్డా. వాళ్ళకన్న ముందుగల్ల నువ్వే ఎందుకంటున్నవ్?”

తుపాకులంటే నీకు భయం లేదా అని అడిగాను. ఆమె, “భయమే. మనూళ్ళె అందరికన్న నాకే ఎక్కువ. అయినా దేవుడు నిన్ను లేపింది గీ గోడ సూసుకుంట కూసోనీకి గాదు,” అంది.

మర్నాటి నుంచి నన్ను తనతో పొలానికి తీసుకుపోయింది. ఆడవాళ్ళు మడిలో కలుపు తీస్తుంటే నేను గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. అమ్మ వంగినచోటు నుంచి తలెత్తకుండానే, “మడమ ఆనియ్యి కొడుకా, మడమ,” అని కేక వేసేది. నా అడుగు చప్పుడును బట్టే ఆమెకు తెలిసిపోయేది. మా పక్కింటి లచ్చవ్వ, “మార్తమ్మా, నీ కొడుకు నడుస్తుండా, గట్టు కొలుస్తుండా?” అంటే, అమ్మ “రెండూ” అంది, మడి మడంతా నవ్వింది. మూడోనాటికి వాళ్ళంతా కలిసి “కుడి, ఎడమ” అని లెక్క పలకడం మొదలుపెట్టారు, నేను తప్పితే మళ్ళీ మొదటికి పంపేవాళ్ళు. సెలవులు అయిపోయేనాటికి తడి గట్టు మీద నా ఎడమ మడమ గుర్తు పడింది. అమ్మ మడిలోంచి పైకొచ్చి, ఆ గుర్తు పక్కనే మోకాళ్ళూని దేవునికి వందనాలు చెప్పింది, బురద చేతులతోనే లచ్చవ్వ కూడా దండం పెట్టింది.

హైదరాబాదు పోయి ఆ కాగితం ఇచ్చాను. దళంలోకి తీసుకునే పరీక్షనాడు నా గదిలో ఉండే స్నేహితుడు, పిక్క మీద మచ్చ కనబడకుండా గుడ్డ చుట్టుకో, బెణికిందని చెప్పు అన్నాడు. నేను చుట్టుకున్నాను కూడా. కాని బస్సెక్కేటప్పుడు అమ్మ చెప్పిన మాట నన్ను నిలవనీయలేదు, “నీ కాలు సంగతి ఎవలడిగినా దాయకు, అది దేవుడు సేసిన పని.” డాక్టరు ముందుకు పోయేముందు గుడ్డ విప్పేశాను. ఆయన మచ్చ నొక్కి చూశాడు, రెండు పిక్కలూ కొలిచి ఎడమది సన్నగా ఉందన్నాడు, ఏమైందని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పక్కనున్న అధికారితో ఏదో మాట్లాడాక, మైదానం చుట్టూ ఆగమనేవరకు కవాతు చేసి చూపించమన్నారు.

మూడో చుట్టుకు పిక్క నిప్పులా మండింది. “ప్రభువా, వీళ్ళు తీసుకున్నా తీసుకోకున్నా సరే, ఈ మడమ మాత్రం లేవనీయకు” అని ప్రార్థించాను. అయిదో చుట్టు సగంలో అధికారి ఆగమన్నాడు. డాక్టరు నా దగ్గరికి వచ్చి, ఈ కాలికి వైద్యం ఎవరు చేశారని అడిగాడు. మా అమ్మ ఆముదంతో రుద్దేది, దేవుడు బాగుచేశాడు అన్నాను. ఆయన నవ్వి, నా కాగితం మీద సరిపోతాడని రాశాడు.

ఆ క్రిస్మస్‌కు అమ్మకు చూపించాలని, అధికారిని అడిగి ఖాకీ బట్టలతోనే ఇంటికి వచ్చాను. సూర్యాపేటలో దిగి, దొరికిన బండెక్కి ఊరు చేరి మా వాడలోకి అడుగు పెడితే, ఒక్కొక్క తలుపే మూసుకుపోయింది. ఖాకీ బట్టలు చూసి ఎన్ని భయాలు పడ్డారో పాపం. అమ్మ బయటికి వచ్చి చూసి, పకపకా నవ్వి, నా చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది. “తలుపు తియ్యక్కా, మన సామేలే” అంటుంటే లచ్చవ్వ తలుపు సందులోంచి చూసి, బయటికొచ్చి నా చొక్కా చేయి తడిమి, “ఖాకీ బట్టలోడు మా గడపల నిలవడి నవ్వుడు ఇదే మొదటిపారి సూసుడు” అంది. ఆ సాయంత్రం గుడిసెలో నడిచే మా గుడిలో, ఆరాధనకు కూర్చోవడానికి చోటు చాలలేదు, ప్రభువును ఎరగనివాళ్ళు కూడా వచ్చి వాకిట్లో నిలబడి పాటలు విన్నారు.

తరువాత నేను కోదాడలో బడిపంతులునై ఎందరో పిల్లలకు కవాతు నేర్పాను. అమ్మ నిండు వయసులో ప్రభువునందు నిద్రించింది. ఇంత మేలు చేసిన దేవునికి ఈ సంఘం ఎదుట నా వందనాలు. మీలో ఎవరి ఇంట్లోనైనా మంచం పట్టిన బిడ్డ ఉంటే, ఆరాధన అయ్యాక నాకు చెప్పండి, నేనే మీ ఇంటికి వస్తాను. ఆ బిడ్డ పక్కన కలిసి మోకాళ్ళూనుదాం. మనకు మంచి మాటలు రాకపోయినా ఆయన వింటాడు, ఆయనను నమ్మండి. ఆమేన్.