చెరపమన్న పేరు

కుక్కల మెడలకు ఇత్తడి పట్టీలు చేసి, వాటిమీద పేర్లు చెక్కడం ఆమెకు తాతనుంచి వచ్చిన పని. ఆవగింజంత అక్షరమైనా గీత తప్పకుండా చెక్కుతుందని వీధిలో అందరూ ఆమెను సన్నరాతలక్క అనేవారు.

ఒక మధ్యాహ్నం, వీధి సద్దుమణిగిన వేళ, కొత్త మనిషి ఒకతను పెద్ద నల్లకుక్కను తాడు కట్టి ఆమె కొట్లోకి లాక్కొచ్చాడు. దాని మెడలోని పాత పట్టీ ఊడదీసి బల్లమీద పడేశాడు.

“ఈ పేరు గీకేసి నా పేరు చెక్కు. అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటా.”

పట్టీ చూడగానే ఆమె గుర్తుపట్టింది. అది తాత చేసింది. అంచు పొడుగునా సన్నని తీగ, మధ్యలో ఆ వీధి డాక్టరమ్మ తండ్రి పేరు. ఆ ఇంట్లో మూడు తరాల కుక్కలు దాన్నే వేసుకున్నాయి. ఏటా మెరుగు పెట్టేది తనే.

అతను తలుపు మూసి, పీట దానికి ఆనించి కూర్చున్నాడు. కుక్క వచ్చి ఆమె మోకాలిమీద తల పెట్టింది.

“నిన్నెరుగునా ఇది?” అన్నాడతను.

“ఇత్తడి వాసనకండీ. ఇక్కడికొచ్చే ప్రతి కుక్కా ఇంతే,” అంది ఆమె.

ఆకురాయి చేతిలోకి తీసుకుంది. తాత చెక్కిన అక్షరం మీద అది ఆనలేదు. రెండుసార్లు జారింది. మూడోసారి జారేసరికి అతను లేచి దగ్గరకొచ్చాడు.

“ఎందుకు వణుకుతున్నావ్?”

ఆమె మేడమెట్ల వైపు తిరిగి కేకేసింది. “అన్నయ్యా, ఒకసారి కిందికి రా.”

పైన ఎవరూ లేరు. అన్నయ్య ఆ వారం ఊళ్ళోనే లేడు.

అతను మెట్లవైపు చూశాడు. పట్టీ అందుకోబోతే కుక్క గుర్రుమంది. తాడు లాగితే బల్లకిందికి దూరింది. తాడు వదిలేసి, పీట తన్నేసి వెళ్ళిపోయాడు.

ఆమె గడియ పెట్టి, కుక్క పక్కనే బల్లకింద కూలబడింది. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడింది. పొద్దు వాలి వీధిలో జనం తిరగడం మొదలయ్యాకే కుక్కను తీసుకుని డాక్టరమ్మ ఇంటికి వెళ్ళింది.

రెండు రోజులుగా వెతుకుతున్న డాక్టరమ్మ కుక్క మెడ కావలించుకుంది. “నీకేం ఇవ్వమంటావే?” అంది.

“ఏమీ వద్దమ్మా. వాడు మళ్ళీ వస్తాడేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకునున్నా. పగటిపూట దీన్ని నా దగ్గర వదలండి చాలు.”

అప్పటినుంచి డాక్టరమ్మ ఆస్పత్రికి పోతూ కుక్కను కొట్లో దింపేది. “కొట్టు కుక్కది, అక్క గుమాస్తా,” అని వీధివాళ్ళు నవ్వేవారు. అతను మళ్ళీ రాలేదు. అయినా తలుపు కిర్రుమంటే ఆమె ఉలి ఆగిపోయేది. కుక్క తలెత్తి చూసి, మళ్ళీ పడుకునేది. అప్పుడు గాని ఆమె తర్వాతి అక్షరం మొదలుపెట్టేది కాదు.