ఊడ్చిన పచ్చిక

ప్రిటోరియా శివార్లలో మేముండే గేటెడ్ కాలనీలో వీధివైపు ముంగిట్లో పెరిగే గడ్డే ఉండాలి. రాళ్లు పరచకూడదు, ప్లాస్టిక్ పచ్చిక వేయకూడదు. ఆ నియమం తెలిసే మా పక్కింటి కెనీల్వే పెద్దమ్మ నిరుడు ప్లాస్టిక్ పచ్చిక వేయించింది.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో పనిచేసి రిటైరైంది. భర్త మొడీసెకు పక్షవాతం వచ్చి ఎడమకాలు ఈడుస్తాడు. రోజూ నడవమన్నాడు డాక్టరు. నడక ఫ్రేమ్ తడిగడ్డిలో దిగబడి ఆయన రెండుసార్లు పడ్డాడు. బయటేమో ఏటవాలు రోడ్డు. చదునైన ప్లాస్టిక్ పచ్చిక వచ్చాకే గోడదాకా వెళ్లి తిరిగి రాగలిగాడు. ఎండెక్కితే అది ఎంత కాలుతుందో అరచేత్తో తాకి చూశాను కాబట్టి మధ్యాహ్నం మా పాపను దానిమీద దింపేదాన్ని కాదు. పొద్దున మాత్రం ఇద్దరూ కలిసి నడిచేవారు. ఆయనకు ఫ్రేమ్, పాపకు నా వేలు.

ఖరీదైన రకం కావడంతో ఎవరూ గుర్తుపట్టలేదు. పెద్దమ్మను ఆమె చీపురే పట్టిచ్చింది. ఊళ్లో మట్టిముంగిలి ఊడ్చి పెరిగిన మనిషి కదా, ఇక్కడా తెల్లారగానే నడుం వంచి గడ్డిచీపురుతో ఊడ్చేది. పోచలన్నీ ఒకవైపు వాలి, చీపురు గీతలు వీధిలోకి కనిపించేవి.

కాలనీ మేనేజరు ఒరటీలె గేటు దగ్గర ఆగాడు.

"పెద్దమ్మా, గడ్డిని ఎవరైనా ఊడుస్తారా?"

"నా ఇల్లు, నా చీపురు. మధ్యలో నీకేం నొప్పి నాయనా?"

"మా అమ్మమ్మ కూడా మట్టిముంగిలి ఇలాగే ఊడుస్తుంది. అసలు గడ్డిమీద ఈ గీతలు పడవు, అందుకే దొరికిపోయారు. శనివారం కమిటీవాళ్లు వస్తున్నారు. అందాకా ఊడవకండి, నాకూ ఏమీ కనబడదు."

ఆమె మానేసింది. జకరండా పూలు రాలి పేరుకున్నాయి. కిటికీలోంచి చూస్తూ నిలబడేది.

"నాలుగు పూలేగా పెద్దమ్మా," అన్నాను.

"నీకేం తెలుసులే! మీది మిషన్‌తో ఊడ్చే తరం."

గురువారం ఊరినుంచి మొడీసె తమ్ముడు వచ్చాడు. ముంగిలి చూడగానే టోపీ తీసేశాడు.

"వదినా... ఎప్పుడు పోయాడు? కబురైనా చేయలేదేం?"

లోపలినుంచి మొడీసె కేకేశాడు. "ఎవరే అది? నా టీ ఏదీ?"

తమ్ముడు పకపకా నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. "మా ఊళ్లో శవం లేచేదాకా ఆ ఇంటి ముంగిలి ఊడవరు," అంది నాతో. "ఇన్నాళ్లూ దారినపోయేవాళ్లు ఏమనుకుని ఉంటారు?"

మర్నాడు తెల్లారగానే చీపురు చప్పుడు వినిపించింది. ఆ మర్నాడు కమిటీ వచ్చింది. నెలాఖరుకల్లా పచ్చిక చుట్టచుట్టి పట్టుకుపోయారు.

ఇప్పుడు ముంగిట్లో తడిమట్టి, అందులో చల్లిన గడ్డిగింజలు. మొలకలు గట్టిపడేదాకా అడుగు పెట్టకూడదు, చీపురు తగలకూడదు. మొడీసె వంటింటికీ పడగ్గదికీ మధ్య నడుస్తాడు. మూడడుగులకే గోడ వస్తుంది. ఫ్రేమ్ తిప్పుకోవడానికి చోటు లేక వెనక్కి వెనక్కి జరుగుతాడు. పెద్దమ్మ వీధి తలుపు తీసిపెడితే, "మూసెయ్యి," అంటాడు.

ఈ ఉదయం ఆమె గేటు బయట రోడ్డు ఊడుస్తోంది.

"పెద్దమ్మా, అది మన పనివాళ్లు చూసుకుంటారు కదా," అన్నాడు ఒరటీలె.

"ఆయన బతికే ఉన్నాడు," అంది ఆమె, తలెత్తకుండా.