ట్యాంకు గొట్టానికి ఉత్తుత్తి డబ్బా

నేను ప్లాస్టిక్‌తో యుద్ధ ట్యాంకుల బొమ్మలు చేస్తాను. ఇంత వయసొచ్చి బొమ్మలతో ఆటలేమిటని ఇంట్లోవాళ్ళు అడగడం మానేసి చాలా కాలమైంది. కర్నూలు పాలిటెక్నిక్‌లో పిల్లలకు డ్రాయింగ్ చెప్పే ఉద్యోగం నాది. కొలత తప్పితే నాకు అన్నం సహించదు. అసలు ట్యాంకులో ముప్పై ఐదో వంతుండే ఆ బొమ్మ మీద ఒక్క బోల్టు ఎక్కువున్నా గీకేస్తాను, తక్కువైతే అతికిస్తాను. ఆ పట్టుదల గొప్పదని చాలా ఏళ్ళు మురిసిపోయాను. ఇప్పుడు మురిసిపోవడానికేమీ లేదు.

మా నాన్నకు అన్న, మా పెదనాయన, డెబ్భై ఒకటి యుద్ధంలో ట్యాంకు నడిపాడు. తిరిగొచ్చి కోడుమూరు దగ్గర మా ఊళ్ళో జొన్న, వేరుశనగ పండించుకుంటూ బతికాడు. రెండేళ్ళ కిందట ఆయనకు మతిమరుపు మొదలైంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. సొంత కోడలినే ఎవరమ్మా నువ్వని అడిగేవాడు. ఆయన ఏం చెప్పినా 'సరేలే' అని తోసేయడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. యుద్ధం మాత్రం ఆయనలో చెక్కుచెదరలేదు. ఆ సంగతి ఎత్తితే చాలు, నడుము నిటారుగా పెట్టి కూర్చునేవాడు. ఆయన దగ్గర మిగిలింది అదొక్కటే. అది కూడా పోకముందే ఆయన నడిపిన ట్యాంకు చేసి చేతిలో పెట్టాలనుకున్నాను.

అది రష్యా వాళ్ళ టి-55. దాని బొమ్మ అతికించుకునే విడిభాగాల కిట్లు చాలా రకాలు దొరుకుతాయి గానీ, ఎక్కువ వాటిలో తర్వాతి కాలంలో చేర్చిన సామాన్లుంటాయి. పాత రకం కోసం మూడు నెలలు వెతికి తెప్పించాను. పెదనాయన దగ్గర చిన్న ఫోటో ఒకటి ఉంది. అందులో ఆయన వెనక ట్యాంకు చక్రాలు తప్ప ఏమీ కనబడవు. భూతద్దం పెట్టి ఆ చక్రాల ఆకులు లెక్కపెట్టి, కిట్టులోవి సరిపోలేదని ఇంకో కిట్టులోవి తీసి వేశాను. అంత జాగ్రత్తపరుణ్ణి.

రంగు వేయకముందే ఒక ఆదివారం తీసుకెళ్ళి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి, ఫిరంగి గొట్టం మధ్యలో వేలు పెట్టాడు.

"ఈడ డబ్బా ఉండల్ల గదప్పా. యాడుండాది?"

"ఏం డబ్బా పెదనాయనా?"

"ఉత్తుత్తి డబ్బా. అవతలోళ్ల ట్యాంకులు గూడా శానావరకు ఇట్లే ఉండె. దూరం నుంచి మనోళ్లే మనల్ని కాలుస్తారని గొట్టానికి నడిమధ్యన డబ్బా బిగిస్తిమి. డబ్బా ఉంటే మనది, లేకుంటే వాళ్లది."

నా దగ్గరున్న పుస్తకాలన్నీ చూశాను. ఏ బొమ్మలోనూ డబ్బా లేదు. ఈ ట్యాంకుకు గొట్టం మూతి దగ్గరే ఉబ్బు ఉంటుంది. మధ్యలో ఉబ్బు ఉండేది మన సైన్యంలోనే ఉన్న ఇంగ్లండు ట్యాంకుకు. పాపం, రెండూ కలిపేసుకున్నాడని తేల్చేశాను.

తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి ఆయన జొన్న దంటు ముక్క ఒకటి కోసి ఉంచాడు. దాన్ని రెండు బద్దలుగా చీల్చి, లోపలి బెండు తొలిచి, గొట్టానికి అటూ ఇటూ పెట్టి దారం చుట్టాడు. కొలత సరిగ్గా సరిపోయింది. కోడలూ, పక్కింటివాళ్ళిద్దరూ చూస్తుండగా నేను ఆ దారం విప్పి దంటు తీసేశాను. తరగతిలో తప్పు బొమ్మ చెరిపినంత తేలిగ్గా తీసేశాను.

"అది వేరే ట్యాంకు పెదనాయనా. నువ్వు రెండూ కలిపేస్తాండావు."

"పొద్దున తినింది గుర్తుండదు, ఆ డబ్బా గుర్తుంటాదా" అని కోడలు నవ్వింది. నేనూ నవ్వాను. పెదనాయన ఆ బోసి గొట్టాన్ని వేలితో తడిమాడు.

"అట్లేనేమోప్పా. కలిపేసింటా" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన యుద్ధం మాట ఎత్తలేదు. ఎవరైనా అడిగినా "నాకు సరిగ్గా తెల్దప్పా" అనేవాడు. నేను గమనించకపోలేదు, పట్టించుకోలేదంతే. మా ఎండలకు రంగు కుంచె కొసనే ఎండిపోతుంటే దానితో కుస్తీ పడుతున్నాను.

ఏడెనిమిది నెలల తర్వాత ఎవరో రిటైరైన సైనికుడు ఇంటర్నెట్‌లో పెట్టిన పాత ఫోటో చూశాను. వరసగా మన టి-55 ట్యాంకులు. ప్రతి గొట్టానికీ నడిమధ్యన డబ్బా. కింద పెదనాయన చెప్పిన కారణమే రాసి ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. ప్లాస్టిక్ గొట్టం కోసి, లప్పం పూసి, వేసిన రంగంతా చెడగొట్టుకుని డబ్బా బిగించాను. రంగు ఆరగానే ఊరికి బయల్దేరాను.

మధ్యాహ్నం పెదనాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ట్యాంకు ఆయన ఒళ్ళో పెట్టి, ఫోన్లో ఫోటో చూపించాను.

"నువ్వు చెప్పిందే నిజం పెదనాయనా. తప్పు నాది."

ఆయన ఫోటో చూశాడు, నన్ను చూశాడు. "నాకేం తెలుస్తాదప్పా. సదువుకున్నోనివి. నువ్వెట్ల చెప్తే అట్లే ఉంటాది."

"నేను కాదు, నువ్వే చెప్పినావు" అన్నాను. నన్ను నొప్పించకూడదన్నట్టు తలూపాడు. డబ్బా మీద వేలు పెట్టి చూపించినా తలూపాడు. అసలు డబ్బానే లేదని చెప్పినా అలాగే తలూపేవాడు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు.

"నేను యుద్ధానికి పోయింటినా అప్పా?"

"పోయింటివి పెదనాయనా."

"సరే, నువ్వు చెప్తాండావంటే పోయింటాలే" అన్నాడు.