ఒక్కరి కోసం ఆగిన బల్ల

మా చర్చిలో పెళ్ళి కుదిరితే మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానావారి అబ్బాయికీ ఫలానావారి అమ్మాయికీ వివాహం చేయాలనుకుంటున్నాం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని. చదివాక కాసేపు అందరూ ఊరుకుంటారు. ఎవరో దగ్గుతారు, ఏ పసిబిడ్డో ఏడుస్తుంది, అంతే. ఎవరూ లేవరు. లేచిన మాట నేను అంతకుముందు వినలేదు. నా పెళ్ళి ప్రకటనప్పుడే ఒకాయన లేచాడు.

అరవై తొమ్మిదో సంవత్సరం అది. యూనివర్సిటీ హాస్టళ్ళ వెనక మెస్సు పనివాళ్ళ క్వార్టర్లలో మేముండేవాళ్ళం. మా నాయిన అక్కడ వంట మేస్త్రీ. చర్చి తార్నాకలో ఉండేది. చర్చి అంటే పెద్ద గోపురం అదీ ఏమీ లేదు, రేకుల షెడ్డు. ఒక పక్క ఆడవాళ్ళకు చాపలు, ఒక పక్క మగవాళ్ళకు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కుటుంబాలు, క్యాంపస్‌లో మాలాంటి పనివాళ్ళు, ఉద్యోగాల కోసం గుంటూరు వైపు నుంచీ కృష్ణా వైపు నుంచీ వచ్చినవాళ్ళు, ఇదే మా సంఘం. ఎవరిది ఏ ఊరు అని అప్పటిదాకా ఎవరూ పట్టించుకునేవారు కాదు. కూరలో పులుపు ఎంత వేయాలన్న దగ్గర తప్ప.

నాకు చూసిన సంబంధం గుంటూరు వైపు అబ్బాయిది. యూనివర్సిటీ ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చే పని. తార్నాకలో గది తీసుకుని ఒక్కడే ఉండేవాడు. మా పాస్టరు అయ్యగారే సంబంధం కుదిర్చారు. ఆ అబ్బాయి ముఖం నేను సరిగ్గా చూసింది లేదు గాని గొంతు మాత్రం బాగా తెలుసు. పాటలప్పుడు అందరికంటే ముందు అందుకుని, అందరికంటే వెనక దిగేవాడు. ఆడవాళ్ళ చాపల మీద మేం నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళం.

మాట ఇచ్చిపుచ్చుకున్నది క్రిస్మస్ రోజుల్లో. కొత్త సంవత్సరం వచ్చీ రాగానే ప్రత్యేక తెలంగాణ కావాలని పిల్లలు క్లాసులు వదిలి రోడ్డు మీదికి వచ్చారు. హాస్టలు గోడల నిండా రాతలు. రాత్రి భోజనాల దగ్గర కూడా అదే మాట. నాయిన మనసంతా ఆ పిల్లల వైపే. వాళ్ళు ఊరేగింపు నుంచి ఎప్పుడొస్తారో తెలియదని అన్నం ఆరిపోకుండా గంపల కింద పెట్టేవాడు. వాళ్ళేమో నాయినను ఆటపట్టించేవాళ్ళు.

"ఏం కాకా, తెలంగాణల పిలగాండ్లే దొరకలేదా? అల్లున్ని గుంటూరు నుంచి తెస్తున్నవట?"

"మీరు తినే మిరపకాయ ఏడ్నుంచి వస్తున్నది బిడ్డా? పొద్దూకులు లొట్టలేసుకుంట తింటలేరా?"

వాళ్ళు నవ్వేవాళ్ళు. ఎండలు ముదిరేసరికి ఆ నవ్వు పోయింది. కాల్పులు జరిగాయి. కర్ఫ్యూ పెట్టారు. మొదటి ప్రకటన మామూలు ఆదివారమే చదివారు గాని, రెండోదానికి ఆదివారం బయటికి కదలనివ్వలేదు. అప్పుడు అయ్యగారు ఒక మాట పంపించారు. కర్ఫ్యూ ఎప్పుడు సడలిస్తే అదే మనకు ఆదివారం అని. పాలుపోసే ఆమె ఆ మాట ఇంటింటికీ చెప్పింది. అలా ఒక గురువారం మిట్టమధ్యాహ్నం, చేతుల్లో కూరగాయల సంచులతోనే అందరం షెడ్డులో కూర్చున్నాం. ఆరాధన చేసి, రెండో ప్రకటన చదివి, మళ్ళీ టైము దాటకుండా ఇళ్ళకు పరుగెత్తాం.

ప్రకటన చదవడం సంఘ కార్యదర్శి పని. మా కార్యదర్శి లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసే పెద్దమనిషి, నాయినకు అన్నలాంటివాడు. నేను పెద్దనాయినా అని పిలిచేదాన్ని. ఆ గురువారం ఆయన రాలేదు. ఆయన కొడుకు క్యాంపస్‌లోనే చదివేవాడు. కాల్పులు జరిగినప్పుడు ఆ గుంపులో ఉన్నాడు. తొడలో గుండు దిగింది. పెద్దనాయిన ఆస్పత్రిలో ఉన్నందువల్ల ప్రకటన అయ్యగారే చదివారు.

తర్వాతది మామూలు ఆదివారం. సంస్కారం, అంటే ప్రభువు బల్ల, ఇచ్చే ఆదివారం కూడా. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రొట్టె, ద్రాక్షారసం పెట్టి మూత వేశారు. మూడో ప్రకటన చదవడానికి పెద్దనాయిన ముందుకు వచ్చాడు. కాగితం తీశాడు. చూశాడు. మళ్ళీ మడిచాడు.

"అయ్యగారూ, నాకున్నది అభ్యంతరం."

షెడ్డంతా బిగుసుకుపోయింది.

"మొన్న చదివింది గురువారం. గురువారం చదివితే చెల్లదు. ప్రకటన ఆదివారమే చదువాలె."

నాయిన చాప మీద నుంచి లేచాడు. "అన్నా, నువ్వు రూలు మాట్లాడుతున్నవా, కొడుకు మాట మాట్లాడుతున్నవా?"

"రెండూ మాట్లాడుతున్న," అన్నాడు పెద్దనాయిన. "నీకు తెల్వదా? నా పిలగాడు ఆడ మంచం మీద పండుకొని ఉన్నడు. నేనీడ నిలబడి, ఆంధ్ర పిలగానికి మన పిల్లనిస్తున్నమని నవ్వుకుంట చదువాల్నా? నాతోని కాదు. సంస్కారానికి కూడ వస్తలేను. నా మనసు సాఫ్ లేదు. సాఫ్ లేకుంట తీసుకోవద్దని మీరే కదా చెప్తరు."

నాకు కుదిరిన అబ్బాయి మగవాళ్ళ చాపల చివర కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. నేను మాత్రం ఎత్తాను. పెద్దనాయిన వైపు అలాగే చూస్తూ ఉండిపోయాను. అమ్మ నా మోచేయి గిల్లింది.

అయ్యగారు మెదక్ వైపు మనిషి. ఎక్కువ మాట్లాడరు. గద్దిస్తారేమో అనుకున్నాను, గద్దించలేదు. "గురువారం మాట నిజమే. నాదే తొందర. మళ్ళ మొదటి నుంచి చదువుదాం. ఎప్పుడు చదువాల్నో కార్యదర్శి గారే చెప్తరు," అన్నారు. తర్వాత బల్ల వైపు తిరిగి, రొట్టె మీద మూత తీయకుండానే, "ఆయన రాకపోతే మనం కూడ వద్దు. ఆయన వచ్చిననాడు అందరం వద్దాం," అని ప్రార్థన చేసి, అందరినీ పంపించేశారు.

బయటికి రాగానే గొడవ. ఒక్క మనిషి అలిగితే సంఘమంతా సంస్కారం మానుకోవాలా అని ఒకరు, ఇదెక్కడి పద్ధతి అని ఒకరు. అమ్మ అయ్యగారి భార్యనే పట్టుకుంది.

"అమ్మగారూ, ఒక్కరు బువ్వ వద్దంటె అందరం పస్తుండాల్నా?"

"ఇంట్ల నీ పెనిమిటి తినకుంట లేచిపోతె నువ్వు తింటవా చెల్లె?"

"ఆయన లేచిపోతె నేను ముందుగాల తిట్టి, తర్వాత తింట," అంది అమ్మ. అమ్మగారు నవ్వేశారు. అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. మాట ఇచ్చిన పిల్ల ఇంట్లో ఉంది. గుంటూరు వైపు వాళ్ళు చాలామంది సామాన్లు సర్దుకుని రైలెక్కుతున్నారు. ఈ అబ్బాయి కూడా ఎక్కితే నా గతేంటని ఆమె భయం. ఆమె పైకి అనేది, నేను అనేదాన్ని కాదు. అంతే తేడా.

ఆస్పత్రిలో ఉన్న పెద్దనాయిన కొడుక్కి సంఘం ఆడవాళ్ళు వంతులు వేసుకుని అన్నం పంపేవాళ్ళు. మా వంతు వచ్చినప్పుడు నేను రానన్నాను. అమ్మ క్యారియరు నా చేతిలో పెట్టి ముందు నడిచింది. నన్ను చూడగానే అతను పక్క మీద నుంచి తల ఎత్తాడు.

"ఏం చెల్లె, నా వల్ల నీ పెండ్లి ఆగిందట?"

"నీ వల్ల కాదు, మీ నాయిన వల్ల."

అతను పకపకా నవ్వి, నవ్వితే కాలు లాగి, అమ్మా అని మూలిగాడు. పక్కనే ఉన్న వాళ్ళమ్మ నన్ను తిట్టకుండా క్యారియరు మూత తీసి, "పప్పుల ఉప్పు సరిపోయిందా మీ అమ్మకు ఇయ్యాల?" అంది. ఆ ఇంటివాళ్ళ మీద కోపం గట్టిగా పట్టుకుని కూర్చుందామంటే కుదరలేదు నాకు.

ఒక సాయంత్రం ప్రెస్సు అబ్బాయి మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు. చెప్పులు విడవకుండా మెట్టు మీదే నిలబడ్డాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

"మావయ్య గారూ, మా అమ్మ కబురు పెట్టింది. వెంటనే బయలుదేరి రమ్మంటుంది. అక్కడే ఏదో సంబంధం కూడా చూస్తారంట."

నాయిన బీడీ నలిపి పక్కన పెట్టాడు. "నేనేం చెప్పాలె బిడ్డా? పొమ్మంటె పోతవా?"

"అయ్యగారు ఆగమన్నారు కదండీ."

"ఆయన అందర్ని ఆగమన్నడు. నిన్నొక్కన్నే అనలేదు."

"అందరిలో నేను లేనా అండీ?"

నాయిన లోపలికి చూసి, "చాయ్ పెట్టు," అన్నాడు. ఆ చాయ్‌లో చక్కెర వేశానో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. ఆయన మాత్రం గ్లాసు ఖాళీ చేసి వెళ్ళాడు.

నెలలు గడిచాయి. సంస్కారపు ఆదివారం వచ్చినప్పుడల్లా అయ్యగారు బల్ల మీద తెల్లగుడ్డ పరిచేవారు. పెద్దనాయిన వైపు ఒక్కసారి చూసేవారు. ఆయన నేల చూపులు చూసేవాడు. అయ్యగారు ప్రార్థన చేసి గుడ్డ మడిచేవారు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. విసుగొచ్చి లాలాగూడ కుటుంబం ఒకటి వేరే చర్చికి వెళ్ళింది. గుంటూరు గుమాస్తా ఒకాయన పెట్టెలతో సహా ఊరికి వెళ్ళిపోయాడు. ఇంక ఈ సంఘం నిలబడదనుకున్నాం.

అయితే అలా ఖాళీ బల్ల ముందు కూర్చోవడంలో ఇంకొకటి జరిగింది. మొదట్లో అందరి చూపూ పెద్దనాయిన మీదే ఉండేది. చూసీ చూసీ ఎవరి లోపలికి వాళ్ళు చూసుకోవడం మొదలైంది. ఒకనాడు ప్రెస్సులో పనిచేసే ఇంకొకాయన లేచి, నేను మా తమ్ముడితో మాట్లాడక చాలా కాలమైంది, ఇన్నాళ్ళూ అలాగే రొట్టె తీసుకున్నాను అన్నాడు. మా అమ్మకూ పక్క క్వార్టరామెకూ కుళాయి దగ్గర బిందెల గొడవ ఉండేది. ఆరాధన అయ్యాక అమ్మ నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి, "రేపట్నుంచి ముందు నువ్వే పట్టుకో పో," అని పుల్లగా అంది. సమాధానపడటమంటే ఆమెకు అంతవరకే చేతనయింది. దేవుడు అదే లెక్కలో వేసుకుని ఉంటాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అంతకుముందు సంస్కారం అంటే నెలకోసారి వరుసలో మోకరించి, చేయి చాపి, లేచి రావడమే. అది లేని రోజుల్లోనే దాని ఆకలి తెలిసింది.

వానలు పడుతుండగా పెద్దనాయిన కొడుకు ఇంటికి వచ్చాడు. చంక కింద కర్రతో చర్చికి వచ్చాడు. ఆ రోజూ గుడ్డ పరిచారు, అయ్యగారు చూశారు, పెద్దనాయిన తల వంచాడు. అయ్యగారు గుడ్డ అంచు పట్టుకోబోతుంటే ఆ కొడుకు కూర్చున్నచోటి నుంచే అడిగాడు.

"నాయినా, గుండు తగిలింది నా కాలుకు. మరి నువ్వెందుకు కుంటుతున్నవ్?"

పెద్దనాయిన ముఖం ఎర్రబడింది. "నోర్ముయ్యి. నీకేం తెల్సు!"

"నాకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది? తెలంగాణ కావాలని నేనే పోయిన. రేపు నడక వస్తె మళ్ళ పోత. గా ప్రెస్సు పిలగాడు నన్ను కాల్చిండా? సంస్కారం కోసం వచ్చిన నాయినా. మంచం మీద అదే యాద్ చేసుకుంట ఉన్న."

రేకుల మీద వాన మోగుతోంది. పెద్దనాయిన భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తుడుచుకుని, చివరికి అన్నాడు.

"ఇంకో వారం ఇయ్యుండ్రి అయ్యగారూ. ఇయ్యాలనే అంటె అబద్ధమైతది."

"తీసుకోండ్రి," అన్నారు అయ్యగారు. గుడ్డ మడిచారు.

ఆ వారం ఎలా గడిచిందో నన్ను అడగొద్దు. బియ్యంలో రాళ్ళు ఏరమంటే బియ్యం ఏరి పారేశాను.

ఆదివారం పెద్దనాయిన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పిలవకముందే ముందుకు వచ్చి నిలబడ్డాడు. "చదివే ముందు ఒక మాట," అన్నాడు. "నా జై తెలంగాణ నాదే. అది ఇడువ. అడిగేది అడుగుతనే ఉంట. గాని గీ పిల్లను ఆపేది మాత్రం నేను కాదు." తర్వాత కాగితం విప్పి, మొదటి ప్రకటన, మళ్ళీ మొదటి నుంచి, మా ఇద్దరి పేర్లూ మా ఊళ్ళ పేర్లూ ఒక్కొక్కటే ఆగి ఆగి చదివాడు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని చదివి, తను కూడా మాకు మల్లే తల వంచుకుని కాసేపు ఊరుకున్నాడు. ఎవరూ లేవలేదు. అయ్యగారు రొట్టె మీద మూత తీశారు. మగవాళ్ళ వరుసలో ఆ అబ్బాయి మోకరించిన చోటే పక్కన కాస్త జాగా ఉంటే, పెద్దనాయిన వెళ్ళి అక్కడ మోకరించాడు. ఆయన కొడుకు మోకరించలేక కర్ర మీద ఆనుకుని వెనకే నిలబడ్డాడు. మా వంతు వచ్చినప్పుడు రొట్టె ముక్క నా చేతిలో పెట్టుకుని, నేను వెంటనే తినలేకపోయాను. అమ్మగారు నా వీపు నిమిరారు.

వాన వెలిశాక అందరం తార్నాక బస్టాపు వైపు నడిచాం. మగవాళ్ళు ముందు, మేం వెనక. పది అడుగులు పోయామో లేదో పెద్దనాయిన గొంతు మొదలైంది.

"అయితేంది, మా ఉద్యోగాలన్ని మీరే తీసుకుంటిరి కదా?"

"నేనెవరి ఉద్యోగం తీసుకున్నానండీ?" అంది నాకు తెలిసిన ఆ గొంతు. ఇన్ని నెలల్లో ఆయన ఎవరికీ ఎదురు చెప్పింది లేదు. "నాకంటే ముందు ఆ పనిలో ఉన్నది కూడా మా వూరాయనేనండీ."

"గదే అంటున్న! ముందుగాల కూడ మీ వూరాయనే ఎందుకుండాలె?"

"అది నన్నడిగితే ఎలాగండీ! అక్షరాలు తిరగేసి కూర్చే పని మీవాళ్ళెవరైనా అడిగారా అసలు?"

ఇద్దరూ రోడ్డు మధ్యలో ఆగిపోయారు. బస్సు వచ్చి హారన్ కొట్టినా కదల్లేదు. మళ్ళీ మొదటికి వస్తుందేమోనని నేను అమ్మ చేయి పట్టుకున్నాను. అమ్మ మాత్రం కొంగు నడుముకు దోపుకుంటూ హాయిగా నవ్వింది.

"పిలగాడు ఇంత గట్టిగ కొట్లాడుతున్నడంటె ఇగ యాడికి పోడు తియ్యి," అంది.