అచ్చియమ్మ మేడమ్ మంత్రివర్గం

అచ్చియమ్మ మేడమ్ బడిలో పదవి దక్కాలంటే అర్హత ఒక్కటే. తప్పు చేసి దొరికిపోవాలి.

పాడేరు నుంచి జీపులో గంట దూరంలో ఉన్న ఆ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు ఆమె పెద్ద టీచరుగా వచ్చి నాలుగేళ్ళయింది. వచ్చిన రోజే బెత్తాన్ని తీసుకెళ్ళి చిక్కుడు పాదుకు ఊతంగా పాతేసింది. ఇక ఈ బడి బడిలా ఉండదని మిగతా టీచర్లు బెంగపడ్డారు. మేడమ్ మాత్రం ఎవరు ఏ తప్పు చేస్తే వాళ్ళను ఆ తప్పుకే మంత్రిని చేయడం మొదలుపెట్టింది. అట్టముక్క మీద పదవి పేరు రాసి, పిన్నీసుతో గౌనుకు గుచ్చేది.

కొళాయి తిప్పి వదిలేసిన ఆరో తరగతి కనక నీళ్ళ మంత్రి అయింది. వారం తిరిగేసరికి మేడమే ఆమెకు దొరికిపోయింది.

"మేడమ్, సేతులు రెండే కదా. నీళ్ళు సాలు," అని కనక కొళాయి కట్టేసింది.

"ఇంకా సబ్బు పోలేదే."

"తువ్వాలుతో తుడిసేసుకోండి."

మేడమ్ తుడిచేసుకుంది. మంత్రి మాట మరి.

ప్రార్థనకు రోజూ ఆలస్యంగా వచ్చే బేబి గంట మంత్రి. పదవి వచ్చిన మర్నాడు ఆమె కొట్టిన గంటకు పిల్లలే కాదు, కోళ్ళు కూడా ఆలస్యమైపోయిందని కంగారుపడి కూశాయి. వంటామె రమణి పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

"ఏటయింది, కొండ జారిందేటి?"

"లేదక్కా, తెల్లారతంది," అంది బేబి.

పాఠం మధ్యలో ఫోను చూస్తూ దొరికిన లెక్కల మాస్టారు రవిబాబుకు కూడా మినహాయింపు లేదు. ఆయన ఫోన్ల మంత్రి. టీచర్లందరి ఫోన్లూ రేకుపెట్టెలో పెట్టి తాళం వేయడం ఆయన పని. ఒకరోజు తాళంచెవి కూడా లోపలే పెట్టి తాళం నొక్కేశాడు. ఆ రోజు బడిలో చదువు బ్రహ్మాండంగా సాగింది.

ఇన్ని పదవుల మధ్య ఎనిమిదో తరగతి స్వర్ణకు మాత్రం ఒక్కటీ లేదు. మూడేళ్ళలో ఆమె ఆలస్యంగా రాలేదు, అరవలేదు, పళ్ళెంలో మెతుకు వదల్లేదు. మేడమ్ ఎదురుపడితే "బాగున్నావా, బంగారు తల్లీ" అని ముందుకెళ్ళిపోయేది. ఆగి మాట్లాడడానికి స్వర్ణ దగ్గర తప్పేదీ ఉండేది కాదు.

ఒక ఆదివారం కాఫీ తోట పని మానుకుని తండ్రి మంగ్లు చూడటానికి వచ్చాడు. బడి ఆవరణంతా కలయజూశాడు.

"అందరి గుంటల గౌన్లకీ బిళ్ళలున్నాయి. నీకేటి లేదు? సరిగ్గా సదవట్లేదా?"

"క్లాసు ఫస్టు నాన్నా."

"మరి బిళ్ళేదీ?"

'నేను మంచిదాన్ని నాన్నా' అందామంటే, స్వర్ణకు అదేదో సంజాయిషీలా అనిపించింది. ఎలాగైనా ఒక తప్పు చేసి తీరాలని ఆ రోజే నిశ్చయించుకుంది.

మర్నాడు కావాలనే ప్రార్థనకు ఆలస్యంగా వెళ్ళింది. వాన వల్ల ప్రార్థన ఇంకా మొదలే కాలేదు. సామాన్యశాస్త్రం పాఠం మధ్యలో గట్టిగా మాట్లాడింది. టీచరు మురిసిపోయి "చూశారా, ప్రశ్న అంటే ఇలా అడగాలి" అంది. పెరట్లో గుమ్మడికాయ అడగకుండా కోసేసింది. "బేగి తెచ్చేవు తల్లీ, దాని కోసమే వస్తన్నాను," అని రమణి అందుకుని తరిగేసింది.

ఇక మిగిలింది పెద్ద తప్పే. చెప్పకుండా బడి దాటడం. మధ్యాహ్నం కూరగాయల ఆటో కోసం గేటు తీసినప్పుడు స్వర్ణ గుండె చిక్కబట్టుకుని బయటికి నడిచింది. మొదటి మలుపు తిరిగేసరికి మంచు దిగుతోంది. రోడ్డు వారన, పదిరోజుల కిందట మూడో తరగతిలో చేరిన చిన్నమ్మి, పళ్ళెమూ గ్లాసూ గుండెకు హత్తుకుని ఏడుస్తూ నడుస్తోంది.

"ఎక్కడికెల్తన్నావే?"

"ఇంటికి. అమ్మకాడికి."

"మీ ఊరు ఇటు కాదే. బడికి అవతల."

ఆ మాటతో చిన్నమ్మి అక్కడే కూలబడింది. కిందనుంచి లారీ హారన్ వినబడుతోంది గానీ లారీ కనబడటం లేదు. స్వర్ణ తన తప్పు సంగతి మరిచిపోయి, పిల్లను వీపున ఎక్కించుకుని కొండవారగా నడిచి వెనక్కి తెచ్చింది.

గేటు దగ్గర మేడమ్ ఒంటి చెప్పుతో నిలబడి ఉంది. చిన్నమ్మిని లాక్కుని ముద్దులు పెట్టేసుకుంది.

"నువ్వు ఎతికి తెచ్చేవా, బంగారు తల్లీ."

"ఎతకడానికి ఎల్లలేదు మేడమ్. తప్పు సెయ్యడానికి ఎల్లాను. ఇదీ కుదరలేదు," అని స్వర్ణ భోరుమంది.

విషయం మొత్తం విన్నాక మేడమ్ మెట్టు మీద చతికిలబడింది.

"ఓసి పిచ్చి గుంటా, నేను తప్పుకి పదవి ఇత్తన్నాననుకున్నావా? కనక ఊర్లో ఇంటెనకాలే గెడ్డ పారతాది. ఆ నీళ్ళ సప్పుడు లేపోతే దానికి నిద్ర రాదు. అందుకే కొళాయి ఇప్పి ఆ సప్పుడు ఇంటా కూకునేది. అందుకే దాన్ని నీళ్ళకాడే ఉంచాను. బేబికి పొద్దున్నే ఆళ్ళ ఊరి జీపు ఎల్లడం సూడాల. గంటకాడ నిలబడితే అది కనబడతాది. తప్పు కింద ఏదో ఒకటి ఉంటాది. కొడితే అది లోపలికి పోతాది, అంతే."

స్వర్ణ ముక్కు తుడుచుకుంది. "మరి నా కింద ఏటీ లేదా మేడమ్?"

మేడమ్ స్వర్ణను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఉండే ఉంటాది. నేనే సూడలేదు. అల్లరి సేసినోళ్ళ ఎనకాల తిరగడంలో, సెయ్యని గుంట సంగతి మరిసిపోయాను. అది నా తప్పు. మన రూలు ప్రకారం ఈరోజు నుంచి నీ మంత్రిని నేనే."

మర్నాడు పొద్దున ఫలహారానికి మేడమ్ పళ్ళెం పట్టుకుని బంతిలో స్వర్ణ పక్కన కూర్చుంది.

"సెప్పు. నీకేటి ఇష్టం?"

ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. స్వర్ణ చాలాసేపు ఆలోచించింది. ఇష్టం సంగతి తేలలేదు.

"ఉప్మా ఇష్టం లేదు మేడమ్. మూడేళ్ళ నుంచీ."

"మరెలా తిన్నావే?"

"రమణక్క బాధపడతాదని. రెండోసారి కూడా పెట్టించుకునేదాన్ని."

వడ్డిస్తున్న రమణి గరిటె గాల్లో ఆగిపోయింది.

"ఓలమ్మ, నువ్వు అంత ఇష్టంగా తింటన్నావనే కదే, వారానికి అయిదు రోజులు అదే సేత్తన్నాను."

బంతిలోని నూట ఇరవై మంది ఆడపిల్లలు నెమ్మదిగా తలలు తిప్పి స్వర్ణ వైపు చూశారు. మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ బడి పుట్టాక అంత పెద్ద తప్పు ఇంతవరకు ఎవరూ చేయలేదు.