మూడు దగ్గర నిలబడ్డ ముల్లు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. దేన్నైనా నమ్మాలంటే పుస్తకంలో చదివి నమ్మాలి, లేదంటే పెద్దలు చెబితే విని నమ్మాలి. నేను ఎనిమిదో తరగతి రెండేళ్లు చదివి, రెండేళ్లూ ఒకే పాఠం దగ్గర ఆగిపోయినవాణ్ణి. పెద్దల మాట వినే రకాన్నే అయితే ఈపాటికి ఏ ఆఫీసులోనో వెచ్చగా కూర్చునేవాణ్ణి గానీ, ఢిల్లీ చలిలో జనం కార్ల కింద వెల్లకిలా పడుకునేవాణ్ణి కాదు.

మాది తణుకు పక్క. ఉండేది ఢిల్లీకి తూర్పు చివర వైశాలిలో. కార్ల మెకానిక్‌ని. షాపు లేదు, ఒక స్కూటరు, ఒక సంచీ ఉన్నాయి. ఫోన్ చేస్తే ఇంటికే వెళ్లి బాగుచేస్తాను. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఒకటే: కారణం లేకుండా బండి చెడదు, కారణం లేకుండా బాగుపడదు. మొన్న జనవరిలో ఒక పొద్దున ఇందులో రెండో సగం పోయింది.

జనక్‌పురిలో మురళి గారని ఒక డిజైన్ ఇంజనీరు ఉన్నారు. మాకు ఊరి అవతలి చివర. యాభై దాటాయి. రెండు కిడ్నీలూ పనిచెయ్యవు. మంగళ, గురు, శనివారాల్లో పొద్దున్నే అక్కడికి దగ్గర్లో ద్వారకలోని ఆస్పత్రికి డయాలిసిస్‌కి వెళ్లాలి. కారు నడిపేది వాళ్లావిడ, విజయక్క. స్కూల్లో టీచరు. ఆరింటికి అక్కడ కుర్చీ సిద్ధంగా ఉంటుంది. ఆరున్నర దాకా చూస్తారు. రాకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి.

వాళ్ల కారు పదమూడేళ్ల నాటిది. అంతకు ముందు శనివారం పొద్దున ఎంతకీ స్టార్ట్ కాలేదట. ఇరవై నిమిషాలు సెల్ఫ్ కొట్టాక అంటుకుంది. వెళ్లేసరికి ఆలస్యమై, నాలుగు గంటల డయాలిసిస్‌ని మూడుకి కుదించారు. ఆదివారానికల్లా ఆయన కాళ్లు వాచాయి, పడుకుంటే ఊపిరాడలేదు. సోమవారం విజయక్క నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. చివర్లో మాత్రం, రేపు కూడా ఇలాగే అయితే ఏం చెయ్యాలో నాకు తెలీదు శీనూ అంది.

సోమవారం మధ్యాహ్నం వెళ్లాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొండికేసి, ఒకసారి వేడెక్కాక రోజంతా బుద్ధిగా ఉండే బండంటే వెతకాల్సిన చోట్లు నాలుగే. ప్లగ్గులు కొత్తవే. ఇంజను ఎంత చల్లగా ఉందో కంప్యూటరుకి చెప్పే సెన్సరు సరిగ్గానే చెబుతోంది. సెల్ఫ్ మోటారు బాగానే తిరుగుతోంది. ఇక మిగిలింది పెట్రోలు.

ఈ బళ్లలో ట్యాంకు లోపల ఒక చిన్న మోటారుంటుంది. తాళం సగం తిప్పగానే వెనక సీటు కింద రెండు సెకన్లు జుయ్యిమని మోగి, పెట్రోల్ని ఇంజను దాకా నెట్టి ఆగుతుంది. నెట్టింది వెనక్కి జారకుండా అందులోనే ఒక కవాటం ఉంటుంది. అది అరిగితే రాత్రికి పైపు ఖాళీ. పొద్దున ఎంత సెల్ఫ్ కొట్టినా ఇంజనుకి అందేది గాలే.

పైపుకి ఒత్తిడి కొలిచే గేజి తగిలించి తాళం తిప్పాను. ముల్లు మూడు దాకా లేచింది, ఉండాల్సినంత. తాళం తీసేశాక చూస్తూ కూర్చున్నాం. అరగంటలో ఒకటి. గంటలో సున్నా. మురళి గారు ఇంజనీరు కాబట్టి నా మాట మీద నమ్మకం లేదు. మళ్లీ చేయమన్నారు. మళ్లీ సున్నా. ఆయనే తన ఫోన్‌తో ఆ సున్నాని ఫోటో తీసుకున్నారు. రాత్రి ఏడుంపావు.

కొత్త మోటారు మంగళవారం మధ్యాహ్నానికి గానీ దొరకదు. పైగా మా పరీక్షలతో బ్యాటరీ కూడా నీరసించింది. దాన్ని విప్పి, మా గదిలో ఛార్జింగ్ పెట్టి, పొద్దున ఐదింటికల్లా తెచ్చి బిగిస్తానన్నాను. తాళం నాలుగైదుసార్లు సగం సగం తిప్పి, పైపు నింపి నేనే స్టార్ట్ చేసి పంపిస్తానని మాటిచ్చాను. బుద్ధున్నవాడైతే బ్యాటరీని మోసుకుపోయే బదులు ఛార్జరునే మోసుకొచ్చేవాడు. ఆ ఆలోచన నాకు స్కూటరు మీద సగం దారిలో వచ్చింది.

గేజిని అలాగే ఉంచి బానెట్ మూశాను. డోర్లు తాళం వేసి, తాళంచెవి విజయక్క చేతికిచ్చాను. ఇంకో తాళంచెవి ఎప్పుడో పోయింది.

మంగళవారం మూడున్నరకే బయల్దేరాను. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే నా స్కూటరు ముందు చక్రం నాకే కనిపించలేదు. సగం దారిలో ఫ్లైఓవరు మీద లారీ అడ్డం తిరిగి ఉంది. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. కాళ్ల మధ్య బ్యాటరీ పెట్టుకుని అలాగే నిలబడ్డాను. అరగంట గడిచాక ఫోన్ తీసి చూస్తే ఐదూ ఐదు.

అక్కడున్న ముప్పావు గంటలో నేను దేవుణ్ణి తలుచుకోలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఆ తాళమే తిప్పుతూ ఉన్నాను, మనసులో. సగం తిప్పడం, మోత ఆగేదాకా ఆగడం, తియ్యడం, మళ్లీ తిప్పడం. అంత శ్రద్ధ నాకు పెళ్లిపీటల మీద కూడా లేదు.

చేరేసరికి ఆరుకి పది నిమిషాలు. ఇద్దరూ శాలువాలు కప్పుకుని ఐదున్నర నుంచీ కారు పక్కన నిలబడి ఉన్నారు. రెండు క్యాబ్‌లు వస్తామని చెప్పి రద్దు చేశాయట. విజయక్క తాళంచెవి నా చేతిలో పెట్టింది.

డోరు తీసి బానెట్ ఎత్తాను. బ్యాటరీ ఇంకా స్కూటరు మీదే ఉంది. టార్చి వెలుగు గేజి మీద పడింది. ముల్లు మూడు దగ్గర ఉంది.

వేలితో తట్టాను. కదల్లేదు. నాకు నిలబడి ఆలోచించేంత టైము లేదు. ఎందుకు తీశానో తెలియదు గానీ ఒక ఫోటో మాత్రం తీశాను. బ్యాటరీ బిగించి, తాళం ఒకేసారి పూర్తిగా తిప్పాను. మే నెల మధ్యాహ్నం అంటుకున్నట్టు సగం చుట్టుకే అంటుకుంది. గేజిని గుడ్డతో గట్టిగా కట్టి, అలాగే పంపించేశాను. ఆరూ ఇరవై ఎనిమిదికి చేరారు. కుర్చీ దొరికింది. నాలుగు గంటలూ పూర్తిగా చేశారు.

వాళ్లు వెళ్లాక కాలనీ గేటు దగ్గర కాపలా ఉండే చౌకీదారు నా దగ్గరికి వచ్చాడు. నన్ను చాలాకాలంగా ఎరుగును. హిందీలో మామూలుగా అడిగాడు.

"భయ్యా, ఐదింటికే వచ్చారు కదా, మధ్యలో మళ్లీ ఎటు పోయారు?"

ఇప్పుడే వచ్చానన్నాను. నవ్వాడు. ఐదు దాటాక అటు నడుస్తుంటే నేను ఆ కారులో డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నానట, ఇదే మంకీ టోపీతో. వెనక సీటు కింద జుయ్యిమని రెండు మూడు సార్లు మోగిందట. రామ్ రామ్ అంటే చెయ్యెత్తానట. చలికి పలకలేదేమో అనుకుని వెళ్లి చలిమంట దగ్గర కూర్చున్నాడట.

నేనెక్కడున్నానో నాకు తెలుసు, కాబట్టి ముందు అతన్నే అనుమానించాను. పొగమంచు, నిద్రమత్తు, ఎవర్నో చూసి నేననుకున్నాడు. సరే. కానీ గేజికి నిద్రమత్తు ఉండదు. ఐదింటికి ఎవరో పైపు నింపారనుకున్నా, నేను చూసేసరికి ముల్లు ఒకటి కిందకి దిగి ఉండాలి. గేజి పట్టేసిందేమో అనుకుంటే, ఆ మధ్యాహ్నం కారు తిరిగొచ్చాక మళ్లీ పరీక్షించి చూశాను. గంటలో బుద్ధిగా సున్నాకి వచ్చింది. వేడికి పైపులో ఒత్తిడి పెరగడం ఉంది గానీ, పెరగడానికి అందులో ఏదో ఒకటి ఉండాలి కదా. పైగా ఆ రాత్రి నీళ్లు గడ్డకట్టే చలి. ఎవరో వేరే బ్యాటరీ తెచ్చి పెట్టారనుకుందామంటే, తాళంచెవి తెల్లవార్లూ విజయక్క హ్యాండ్‌బ్యాగులో ఉంది. కారు తాళం పగలగొట్టి బాగుచేసి పోయే దొంగ ఢిల్లీలో ఉంటే నేను వాడి దగ్గర పనికి చేరతాను.

మోటారు మార్చాను. కొత్తదాని కవాటం బాగుంది. ఇప్పుడు పొద్దున్నే ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతోంది. నాకు తెలిసిన ముగ్గురు పాత మెకానిక్కులకి ఇదంతా చెప్పాను. ఇద్దరు నవ్వారు. మూడోవాడు ఇంకోసారి చెప్పించుకుని, టీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. ఐదూ ఐదుకి ఆ తాళం తిప్పిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ టైముకి నేను ఫ్లైఓవరు మీదే ఉన్నానని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

చౌకీదారు మాట మురళి గారితో వెంటనే చెప్పలేదు. ఒంట్లో బాగాలేని మనిషి, ఎందుకులే అనుకున్నాను. రెండు వారాలాగి, వాళ్లింట్లో కాఫీ తాగుతూ చెప్పేశాను. ఆయన తన ఫోన్లో సున్నా, నా ఫోన్లో మూడు, రెండూ పక్కపక్కన పెట్టుకుని, పెద్దవి చేసి చూశారు. తర్వాత నా ఫోన్ నాకిచ్చేసి, కాఫీ అందుకుని అన్నారు:

"అయితే ఈసారి నుంచి ఆయన్నే పంపించు శీనూ. చెప్పిన టైముకి వచ్చింది ఆయనొక్కడే."