ఆయన చెట్టు దగ్గరికే వచ్చాడు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు నవ్వే. ఎవరికైనా పూనకం వచ్చిందంటే, మొగుడి మీద కోపం అలా తీర్చుకుంటోందనుకునేదాన్ని. ఇది చదివి నన్ను కూడా ఆ లెక్కలో వేయకండి.

మేం సూరత్‌లో, నవాగామ్‌లో ఉంటాం. మా ఆయన మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. లాక్‌డౌన్‌కు మగ్గాలు ఆగిపోయాక, అడాజన్‌లో పెద్ద చెట్ల పనులు చేయించే ఒక ఠేకేదార్ దగ్గర చేరాడు. ఎండుకొమ్మలు కోయడం, పుచ్చిన మానుల్ని కనిపెట్టడం, ఒరిగినవాటికి ఆసరా పెట్టడం ఆ పని.

అది నేర్చుకున్నాక మా బిల్డింగ్ ముందున్న ముసలి నిద్రగన్నేరు మీద ఆయన కన్ను పడింది. దాని తొర్రలో ఎవరో ఎప్పుడో సిమెంటు కూరారు. అలా కూరితే తడి లోపలే నిలిచి ఇంకా పుచ్చుతుందట. రోజూ పని నుంచి వచ్చి ఆ సిమెంటు పెచ్చులు తీసేవాడు. కొయ్యసుత్తితో మాను మీద రెండు దెబ్బలు కొట్టి, అరచేయి ఆనించి చూసి, కాస్త జరిగి మళ్లీ రెండు కొట్టేవాడు. బోలుగా ఉన్నచోట సుద్దముక్కతో సున్నా చుట్టేవాడు. మగ్గాల మోతకు చెవులు సగం పోయిన మనిషి. నేను మూడుసార్లు పిలిచినా పలకడు గానీ, చెట్టు కడుపులో ఏముందో మాత్రం తెలిసిపోయేది.

నాకు ఒళ్లు మండేది. ఇన్నేళ్ల కాపురంలో నా మాట కోసం అంత నెమ్మదిగా నిలబడింది లేదు. సవతి అయినా నయమే, జుట్టు పట్టుకుని పోట్లాడొచ్చు.

లాక్‌డౌన్ తర్వాత రెండో ఏడు ఆయనకు కరోనా వచ్చింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. బతుకుతాడో లేదో ఎవరూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం కింద నుంచి సుత్తి చప్పుడు వినిపించింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ రెండు. నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఆస్పత్రి నుంచి వదిలితే ఇంటికి రాకుండా తిన్నగా దాని దగ్గరికే పోయాడనుకున్నాను. పక్కింటి అక్క కూడా విని బయటికి వచ్చింది.

"మీ ఆయన ఒచ్చిండా ఏంది? జర ఫోనన్న చెయ్యలే?" అంది.

మూడంతస్తులూ దిగి వెళ్తే చెట్టు దగ్గర ఎవరూ లేరు. వెనక వైపు, పెద్ద కొమ్మ మొదట్లో, కొత్త సున్నా ఉంది. ఆ పక్క ఆయన ఇంకా చూడనే లేదు. ఆయన సుత్తి మా ఇంట్లో మంచం కిందే ఉంది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, లేచి కూర్చునే స్థితిలో కూడా లేడన్నారు. సున్నా సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకు ఎముకల గూడై ఇంటికొచ్చాడు. ఆటో దిగి, నా భుజం పట్టుకుని నిలబడి అడిగిన మొదటి మాట ఇది.

"ఎనక కొమ్మకు ఆసర పెట్టిచ్చినవా? మొదట్ల బోలుంది. సున్న సుట్టిన గద."

"ఎప్పుడు సుట్టినవ్?"

"ఏమో. పానం పోతదేమో అనుకున్న గప్పుడు. చెట్టు కాడ ఉన్నట్టే అనిపిచ్చింది."

తర్వాత ఠేకేదార్ మనుషులు వచ్చి ఆ కొమ్మ కోశారు. సున్నా ఉన్నచోట చెయ్యి దూరేంత బోలు.

ఆ రోజు ఇక ఆగలేక అడిగేశాను. "గంత దూరం ఒచ్చినోనివి, పైకెక్కి నా మొకం సూసిపోతె ఏమాయె?"

ఆయన కోసిన కొమ్మ మీద అరచేయి ఆనించాడు.

"నువ్వు మంచిగనే ఉంటివి గద. దానికే బాగలేకుండె."

ఊపిరాడక పడున్న మనిషి ఎలా వచ్చాడో, ఆ సున్నా ఎవరు చుట్టారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. కానీ ఆ మధ్యాహ్నం నేనూ జ్వరంతో కాలిపోతున్నాను. ఆయన ఆస్పత్రికి వెళ్లే రోజే మొదలైంది, బెంగపెట్టుకుంటాడని దాచాను. చెట్టు లోపలి పుచ్చు అక్కడి నుంచే తెలిసినవాడికి నా జ్వరం ఎందుకు తెలియలేదో, అది మాత్రం ఇంతవరకూ అడగలేదు.